గీత కొట్టని పేరు

కిందటి వారం నన్ను నేను పౌరసత్వ కార్యాలయం మెట్ల మీద వదిలేసి వచ్చాను. నాలో సగం ఇంకా అక్కడే ఉంది. మేముంటున్న ఈ సాంసున్ ఊళ్ళో వాన ఆగలేదు. గొడుగు లోపల బల్ల దగ్గరే మర్చిపోయాను. దానికోసం మళ్ళీ లోపలికి వెళ్ళే మొహం నాకు లేకపోయింది.

మా ఊరు తల్ అఫర్ యుద్ధానికి ఖాళీ అయిన వేసవిలో అమ్మనీ, నా కూతురు ఎనిమిదేళ్ళ సెవ్దానీ వెంటబెట్టుకుని ఇరాక్ నుంచి సరిహద్దు దాటి వచ్చినదాన్ని నేను. నా భర్త ఆ దారిలోనే పోయాడు. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో జనం కిటికీలకి పరదాలు కుడుతున్నాను. శాశ్వత నివాసం కార్డు చేతికొచ్చింది. ఇక మిగిలింది పౌరసత్వం. ఆ ఫైలు ఆ పై మంగళవారం లోపల ఆఫీసువాళ్ళు తీసుకుంటేనే సెవ్దా నా బిడ్డగా నాతోపాటు ఈ దేశపు మనిషి అవుతుంది. మంగళవారంతో దానికి పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత అది వేరే మనిషి, దాని ఫైలు వేరు, దాని ఏళ్ళు వేరు. నర్సు చదువు చదవాలని దాని కోరిక. పరాయి దేశపు పిల్లలకి అక్కడ సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

అన్ని కాగితాలూ సరిపోయాయి. చివర్లో ఓక్తాయ్ గారనే అధికారి తల గోక్కున్నాడు. మా అన్నయ్య హాషిమ్ నాకంటే ముందే వచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని, ఎప్పుడో పౌరుడైపోయాడు. కాగితాల్లో మాత్రం నేను ఎనభైలో పుట్టాను, వాడు ఎనభై రెండులో పుట్టాడు. "అన్నయ్య చెల్లెలికన్నా చిన్నవాడు ఎలా అవుతాడండీ?" అన్నాడాయన. మా ఊళ్ళో కాగితాల ప్రకారం అందరూ జూలై ఒకటినే పుడతారు, అది గుమాస్తాల చలవ అని నవ్వాను. ఆయన నవ్వలేదు. అన్నయ్య పాత ఫైలు తెప్పించి నా ముందు తెరిచాడు. అందులో అన్నయ్య చేతిరాత. "అక్క నెర్మిన్, పసితనంలో మరణించింది. చెల్లెలు నెర్మిన్, బతికి ఉంది."

"మీ ఇరాక్ కుటుంబ పట్టీలో ఒక్క నెర్మినే ఉంది," అన్నాడు ఓక్తాయ్ గారు, చాలా మర్యాదగానే. "మీరు ఏ నెర్మిన్ అండీ?"

 శుక్రవారం లోగా మా అమ్మ వచ్చి చెప్పి వేలిముద్ర వెయ్యాలన్నాడు. మెట్ల మీద నుంచే అన్నయ్యకి ఫోన్ చేశాను. అంతా విని, "నేను చూసుకుంటాలే," అని పెట్టేశాడు. మా అన్నయ్య చూసుకుంటానన్నప్పుడల్లా నాకు దడ.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వంటింట్లో నేల మీద పళ్ళెం పెట్టుకుని ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతోంది. సముద్రం కనిపించే కిటికీకి వీపు పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా అంతే. తాగడానికి పనికిరాని నీళ్ళు ఇన్నెందుకని దానిమీద అమ్మకి కోపం.

"తడిసి ముద్దయిపోయావు. తల తుడుచుకో ముందు," అంది.

"అమ్మా, నేనెవర్ని?"

"పిచ్చి గానీ పట్టిందా ఏమే?"

"ఆఫీసులో అడిగారు. నాకు తెలీలేదు. నీకైనా తెలుసేమోనని."

అన్నయ్య రాసినదాన్ని చిన్న కాగితం మీద ఎక్కించుకుని తెచ్చాను. అమ్మకి చదువు రాదు కాబట్టి చదివి వినిపించాను. అక్క నెర్మిన్ అన్నచోట అమ్మ చేతిలో ఆకు చిరిగింది. అమ్మ ఆకు చింపడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"హాషిమ్ రాశాడా?"

"వాడే."

"వాడికెవరు చెప్పారు?"

"అదే నేను నిన్ను అడుగుతున్నా."

"మా అత్త చెప్పుంటుంది. ఆవిడ కడుపులో మాట దాగితేగా!" అమ్మ చిరిగిన ఆకుని పక్కన పెట్టి ఇంకోటి తీసింది. బియ్యం పెట్టింది. చుట్టలేదు. "ఆఫీసులో అడిగింది చెప్పకపోతే ఏం చేస్తారు?"

"ఫైలు వెనక్కి ఇచ్చేస్తారు. సెవ్దా సంగతి నీకు తెలుసుగా."

అమ్మ లేచి వెళ్ళి స్టవ్ ఆర్పింది.  మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ చేతులు ఖాళీగా ఉంటే నాకు భయమేస్తుంది.

"అది మూడేళ్ళది," అంది. "తట్టు పోసింది. మీ నాన్న యుద్ధంలో ఉన్నాడు. ఊళ్ళో ఉన్న బళ్ళన్నీ సైన్యం తోలుకుపోయింది. డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్ళను? మూడో రోజుకి ఒంటి మీద ఎరుపు తగ్గింది. తగ్గిపోతోందే అనుకున్నా. స్నానం చేయిద్దామని నీళ్ళు కాచా." ఒళ్ళో చేతుల వంక చూసుకుంది. "ఆ నీళ్ళతోనే కడిగి పంపించా."

 ఇన్నేళ్ళూ ఈ మనిషి నా తలకి నీళ్ళు పోసింది, నా కూతురి తలకి పోసింది. ప్రతిసారీ మోచేత్తో నీళ్ళు తాకి చూసి, ఒక్క క్షణం ఆగేది. వేడి చూస్తోందనుకునేదాన్ని.

"మరి పోయిందని పట్టీలో ఎందుకు రాయించలేదు?"

"చెప్తే గుమాస్తా పేరు మీద ఎర్ర సిరాతో గీత కొడతాడు. మా మామ పోయినప్పుడు చూశాగా. నాకు అక్షరం ముక్క రాదు గానీ గీత తెలీదా? చలికాలం పోయాక వెళ్దాంలే అన్నా. వేసవి అయ్యాక వెళ్దాంలే అన్నా. ఈలోగా నువ్వు పుట్టావు. తండ్రి రాకుండా పేరు ఎక్కించం అన్నారు. మా నాన్నేమో, ఇంట్లో కాగితం ఒకటి ఊరికే పడుంది కదా, దాందే దీనికిచ్చెయ్ అన్నాడు. మన ఊళ్ళో సగం మందిది అంతేగా. పెద్దదాని గౌను చిన్నదానికి తొడిగినట్టు."

"ఊరంతా చేసింది సరే. నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"పిలవొచ్చని."

"ఏంటి?"

"గుమ్మంలో నిలబడి గట్టిగా నెర్మిన్ అని పిలవొచ్చని. అది పోయాక ఆ పేరు నోటితో అనలేదే నేను. అంటే మీ నానమ్మ ఏడ్చేది. నువ్వు వచ్చాక పిలిస్తే ఎవరో ఒకళ్ళు పలికేవాళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. జాలి పడాల్సిన చోట కోపం రావడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. "అంటే ఇన్నేళ్ళూ నువ్వు పిలిచింది నన్ను కాదన్నమాట."

అమ్మ అబద్ధం ఆడొచ్చు. ఆడి ఉంటే బాగుండేది.

"మొదట్లో కాదు," అంది. "మొదట్లో దాన్నే పిలిచా. తర్వాతెప్పుడో నిన్ను పిలవడం మొదలైంది. ఎప్పటినుంచని అడిగితే చెప్పలేను. ఒక రోజు నువ్వు అంజూరపు చెట్టెక్కి దిగలేక ఏడుస్తున్నావు. కింద నిలబడి నెర్మిన్, నెర్మిన్ అని అరిచా. అప్పుడు నిన్నే పిలిచా. అది గుర్తుంది."

అంజూరపు చెట్టు నాకూ గుర్తుంది. అప్పటికి నాకు ఆరేళ్ళు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా ఊరి కోట దిగువన శ్మశానం ఉంది. పండగ రోజు పొద్దున్నే మగవాళ్ళ నమాజు అయ్యాక ఆడవాళ్ళం గోరింట వాసన వేసే చేతులతో అక్కడికి వెళ్ళేవాళ్ళం. తాతయ్య సమాధి పక్కనే మోకాలెత్తు కూడా లేని తెల్లరాయి ఒకటి ఉండేది. పేరు లేదు, తేదీ లేదు. అమ్మ దాని మీద నీళ్ళు పోసి, మిగతా సమాధుల మీద కొమ్మలు పెట్టినట్టు కాక ఒకే ఒక్క పచ్చని రెమ్మ ఉంచి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా ప్రార్థన నన్ను చదవమనేది. ఎవరిదమ్మా అంటే, పక్కింటివాళ్ళ పిల్లదిలే, చదువు అనేది. ప్రతి పండక్కీ చదివాను. అక్షరం పోకుండా, చేతులు పైకెత్తి చదివాను.

"ఆ రాయి," అన్నాను.

"ఆ," అంది అమ్మ. "పేరు చెక్కిస్తే ఎవరైనా చదువుతారుగా. కాగితాల్లో బతికున్న పిల్లకి రాయేంటని అడుగుతారుగా. అందుకని వట్టి రాయి పెట్టించా."

నా సమాధికి నేనే నలభై పండగలు మొక్కాననిపించింది. ఆ మాట పైకి అనలేదు. అప్పటికే అమ్మ చాలా అలిసిపోయింది.

"నాకంటూ పేరే పెట్టలేదా?"

"మీ నాన్న పెట్టాడు. యుద్ధం నుంచి ఉత్తరం రాశాడు, ఆడపిల్లయితే ఇదీ అని. ఉత్తరం వచ్చేసరికి నిన్ను నెర్మిన్ అని పిలవబట్టి ఇరవై రోజులైంది. సెలవు మీద వచ్చినప్పుడు చెప్పా. ఏడ్చాడు. ఏడ్చి, తనూ నెర్మిన్ అనే పిలిచాడు. మళ్ళీ వెళ్ళాడు, ఇక రాలేదు."

"ఏం పేరది?"

అమ్మ తలగుడ్డ కొసతో మూతి తుడుచుకుంది. "చిమెన్," అంది.

మా భాషలో చిమెన్ అంటే పచ్చిక. నేను లోపల్లోపలే రెండుసార్లు అనుకుని చూశాను. కొత్త చెప్పులా కరిచింది. ముప్పై తొమ్మిదేళ్ళ ఆడదానికి, పరదాలు కుట్టి వేళ్ళు మొద్దుబారినదానికి ఇప్పుడు పేరెందుకు? అయినా ఇంకోసారి అనుకున్నాను.

ఏడుపులు అయ్యాక లెక్కకి రావాలి. అమ్మకి అర్థమయ్యేలా చెప్పాను. నెర్మిన్ చనిపోయిందని అమ్మ చెప్తే, నా కార్డు, నా పెళ్ళి కాగితం, సెవ్దా పుట్టిన కాగితంలో తల్లి పేరు, అన్నీ చచ్చిపోయిన మనిషివి అయిపోతాయి. ఉన్న నివాసమే ఉంటుందో ఊడుతుందో తెలీదు. నేనే ఆ నెర్మిన్‌నని చెప్తే, అన్నయ్య తన ఫైల్లో లేని చావు రాసినవాడు అవుతాడు. వాడి పౌరసత్వం మీదకి వస్తుంది.

"ఏ బిడ్డని చంపమంటావే నన్ను?" అంది అమ్మ.

"నన్ను అడక్కు."

"నిన్ను కాకపోతే ఎవర్నడగను? మీ నాన్ననా?"

"నన్నడగండి," అంది సెవ్దా.

ఎప్పుడొచ్చిందో, బడి సంచీ భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. మొహం చూస్తే అంతా విన్నదని తెలిసిపోయింది.

"అమ్మమ్మా, నాకోసం అబద్ధం చెప్పొద్దు. నా వరసలో నేను నిలబడతా. తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్న పనేగా, నాకు నిలబడటం బాగా వచ్చు."

"నువ్వు నోర్మూసుకుని అన్నం తిను," అన్నాను. అంత మంచితనం నేను నేర్పలేదు దానికి. ఈ లోకంలో అది ఎవరికి పనికొస్తుంది?

అమ్మ మాత్రం దాన్ని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. దాని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, మీ పెద్దమ్మకి ఇక్కడే ఇలాగే చిన్న గుంట ఉండేది అని గడ్డం మీద వేలు పెట్టి చూపించింది. పెద్దమ్మ అన్న మాట మా ఇంట్లో వినపడటం అదే మొదలు. అమ్మ ఇంక ఆపలేదు. అది పాలు తాగేటప్పుడు చెవి పట్టుకునేదని చెప్పింది. నడక రాకముందే కోడి వెనకాల పాక్కుంటూ వెళ్ళేదని చెప్పింది. హాషిమ్ పుట్టినప్పుడు వాడిని బావిలో పడెయ్యమందని చెప్పింది. సెవ్దా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"చెప్పేస్తా," అంది చివరికి. "శుక్రవారం వెళ్ళి నా పెద్ద పిల్ల చచ్చిపోయిందని చెప్పేస్తా. చెప్తే రాయి మీద పేరు వేయించొచ్చా?"

"అది వేరే దేశం అమ్మా."

"ఏ దేశమైతేనేం? కాగితం మీద చచ్చిపోయిన పిల్లకేగా రాయి."

సరేనన్నాను. నా కూతురి సీటు, నా తొమ్మిదేళ్ళు, నా గొడుగు అన్నీ ఆ ఆఫీసులోనే వదిలేసుకోవడానికి సిద్ధపడి సరేనన్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కాసేపు మనసు తేలికపడింది. మిగిలిన ఆకులు ముగ్గురం కలిసి చుట్టాం.

చీకటి పడకముందే తలుపు చప్పుడైంది. హాషిమ్ అన్నయ్య. మనిషి కంటే ముందు వాడి మంగలి దుకాణం అత్తరు లోపలికొచ్చింది, ఆ వెనక పిస్తా మిఠాయి డబ్బా, దాని వెనక వాడు.

"నోళ్ళు తీపి చేసుకోండి! అయిపోయింది, అంతా చక్కబెట్టేశా!"

నాకు దడ మొదలైంది. "ఏం చేశావు అన్నయ్యా?"

"దుకాణం మూసేసి సరాసరి ఆఫీసుకే వెళ్ళా. ఆ ఓక్తాయ్ గారు మంచాయనే. రాసిచ్చేశా. చిన్నప్పుడు నానమ్మ ఏదో కథ చెప్తే నిజమనుకుని రాశానండీ, పొరపాటైంది, క్షమించండి అని. శుక్రవారం అమ్మ కూడా అదే మాట చెప్పి వేలిముద్ర వేస్తే నా ఫైలు మూసేస్తారట, చెల్లాయి ఫైలు తీసుకుంటారట. మంగళవారానికి నాలుగు రోజుల ముందే! ఏంటి, ఎవరూ మాట్లాడరేం?"

"ఏం రాసిచ్చావురా?" అంది అమ్మ.

"చెప్పాగా అమ్మా. మన ఇంట్లో ఏ పిల్లా పోలేదని. అసలు అలాంటి పిల్లే లేదని."

వాడు చెడ్డవాడు కాదు. నన్ను వీపున మోసినవాడు, సరిహద్దు దగ్గర పదకొండు రోజులు మాకోసం కాపు కాసినవాడు. తన పౌరసత్వాన్ని పందెం కాసి నా కూతురికి దారి చేసి వచ్చాడు. అందుకే వాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. సెవ్దా మిఠాయి డబ్బా అందుకుని, ఏం చెయ్యాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడింది.

అమ్మ వాడిని కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వాడి తడిసిన కోటు విప్పించి, కుర్చీ వెనక ఆరేసింది.

"తిను," అంది. "ఆకులు ఇవాళ నీ అక్కా చెల్లెలూ చుట్టారు."

వాడికి ఆ మాట అర్థం కాలేదు. ఆకలి మీదున్నాడు, తినేశాడు.

శుక్రవారం పొద్దున్న అమ్మ తన నల్ల అబాయా వేసుకుంది. పండగలకీ చావులకీ తప్ప దాన్ని బయటికి తియ్యదు.  ట్రామ్‌లో మొదటిసారి సముద్రం వైపు కూర్చుంది. ఏం చెప్తావమ్మా అని అన్నయ్య రెండుసార్లు అడిగాడు. నేను అడగలేదు. ఏ జవాబు వినాలని ఉందో నాకే తెలియలేదు.

ఓక్తాయ్ గారు నా గొడుగు దాచి ఉంచాడు. దాన్ని నాకిచ్చి, అమ్మకి కుర్చీ జరిపి, టీ చెప్పాడు. అన్నయ్య రాసిచ్చిన కాగితం ఆయన కుడిచేతి కింద ఉంది, నా ఫైలు ఎడమచేతి కింద ఉంది. మధ్యలో సిరా పెట్టె మూత తీసి పెట్టాడు.

"అమ్మా, మీరు పెద్దవారు, ఎక్కువ ఇబ్బంది పెట్టను," అన్నాడు. "ఒక్కటే ప్రశ్న. మీ కడుపున ఎంతమంది పుట్టారు?"

 సెవ్దా నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరంటే చాలు, మేమంతా ఈ దేశంలో ఉండిపోతాం.

అమ్మ కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, చిన్నప్పుడు మాకు లెక్కలు నేర్పినట్టే ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టింది. బొటనవేలు మడిచి అన్నయ్య వంక చూసింది. చూపుడువేలు మడిచి నా వంక చూసింది. మధ్యవేలి దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయింది.